మూలనున్న ముఖం

ఏ వెబ్‌సైటులోకి లాగిన్ అయినా పేజీకి కుడివైపు పై మూలన చిన్న గుండ్రం ఒకటి కనపడుతుంది. అందులో మన ముఖం ఉంటుంది. ఆ సైటువాళ్లకు మనం ఫొటో ఇచ్చిందీ లేదు, వాళ్లు అడిగిందీ లేదు. ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లోపలికి వెళ్లాం, మనకంటే ముందే మన ముఖం వెళ్లి అక్కడ కూర్చుంది. హైదరాబాదులో వెబ్‌సైట్లు కట్టే ఉద్యోగంలో ఉన్నదాన్ని కాబట్టి ఈ గుండ్రాన్ని చాలా సైట్లకు నా చేతులతోనే అమర్చాను. పనిగా చూస్తే ఒక పూట పని. కానీ దాని వెనక నూట డెబ్బై ఏళ్ల కథ ఉంది. ఆ కథంతా ఒకటే తగువు: మనిషి ముఖానికి తీసిన కాపీ ఎవరి దగ్గర ఉండాలి, దాన్ని ఎక్కడ చూపించాలో ఎవరు చెప్పాలి? ఈ తగువును అందరికంటే ముందు పసిగట్టింది మన ఇళ్లలోని ఆడవాళ్లేనని నా నమ్మకం.

నరసరావుపేటలో మా మేనమామకు ఫొటో స్టూడియో ఉండేది. వేసవి సెలవులకు వెళ్తే పగలంతా నా మకాం అక్కడే. కాలేజీల్లో చేరే రోజులు కావడంతో పాస్‌పోర్ట్ సైజు ఫొటోల కోసం పిల్లలు బెంచీ మీద బారులు తీరి కూర్చునేవాళ్లు. నీలం తెర, దాని ముందు స్టూలు, రెండు పక్కలా గొడుగు లైట్లు, గోడకు అద్దం, దాని కింద దువ్వెన, పౌడరు డబ్బా. ఫొటో తీశాక మామయ్య రసీదు మీద ఒక నంబరు వేసేవాడు. అదే నంబరు నెగటివు పెట్టిన కవరు మీదా ఉండేది. మళ్లీ కాపీలు కావాలంటే రసీదు చూపిస్తే చాలు. ప్రింట్లు మనవి, నెగటివు స్టూడియోది. ఆ ఏర్పాటును ఎవరూ ప్రశ్నించేవారు కాదు, పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లల తల్లులు తప్ప. సంబంధాల కోసం తీయించిన ఫొటో చేతికి రాగానే, "నెగటివు కూడా ఇచ్చెయ్ నాయనా, దానికీ డబ్బులిస్తాం" అని నిలబడేవాళ్లు. మామయ్య మారుమాట్లాడకుండా వెతికి ఇచ్చేసేవాడు. షోకేసులో ఏ పిల్ల ఫొటో అయినా పెట్టాలనిపిస్తే తండ్రి కంటే ముందు ఆ పిల్లనే అడిగేవాడు. ఆ తల్లులు అడిగిన నెగటివు సంగతి నాకు ఉద్యోగంలో చేరాక గాని పూర్తిగా తలకెక్కలేదు.

ముఖం నకళ్లుగా మారి చేతులు మారడం మొదలైంది 1854లో. అంతకు ముందు డాగెరోటైపు ఉండేది. వెండి పూత పూసిన రాగిరేకు మీద ఒకే ఒక్క బొమ్మ, దానికి నెగటివు లేదు, రెండో ప్రతి లేదు. ఆ ఏడాది పారిస్‌లో ఆంద్రే డిస్డేరి అనే ఫొటోగ్రాఫరు ఒకే గాజుపలక మీద చిన్న బొమ్మలు చాలా పడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వాడుకలో అవి ఎనిమిదిగా స్థిరపడ్డాయి. ఖర్చు ఒక్కసారిగా దిగింది. విజిటింగ్ కార్డంత అట్టకు ఆ బొమ్మలు అంటించి బంధువులకు, స్నేహితులకు పంచుకున్నారు. రాజులవి, నటీమణులవి దుకాణాల్లో అమ్మారు. మనకు ముఖమైనా తెలియని మనిషి ఆల్బములో మన ముఖం ఉండవచ్చన్న స్థితి అప్పుడే వచ్చింది.

మన దగ్గర ఆ చరిత్రకు పెద్ద పేరు రాజా దీనదయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, కెమెరా పట్టి, 1880లలో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. ఆయన తీసిన రాజభవనాల, వేటల ఫొటోలను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం అన్నిటికంటే గొప్పగా తోచేది 1892లో హైదరాబాదులో ఆయన తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీల కోసమే అది. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే మహిళ. ముఖాన్ని ఎవరు చూస్తారన్నది ఫొటో దిగేటప్పుడే ఎదురయ్యే ప్రశ్న అని ఒక వ్యాపారి అర్థం చేసుకుని, దానికి తగ్గ గది కట్టించాడు. దీనదయాళ్ 1905లో పోయాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగటివులు 2,857 కొనుక్కుంది. వాటిలోని మనుషులు ఎప్పుడో వెళ్లిపోయారు. నెగటివులు చేతులు మారుతూ బతికాయి.

తర్వాత ఫొటో కాగితాలకు అంటుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి పాస్‌పోర్టులకు, ఆ తర్వాత హాల్ టికెట్లకు, బస్సు పాసులకు, 1993లో శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉండగా ఓటరు కార్డులకు. ఆ రోజుల అటెస్టేషను గుర్తున్నవాళ్లకు తెలుసు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం సగం ఫొటో మీద, సగం దరఖాస్తు మీద పడాలి. ఫొటో పీకి ఇంకొకరిది అంటిస్తే సంతకం తెగిపోతుంది. ఈ మనిషికీ ఈ ముఖానికీ పొత్తు కుదిరిందని మూడో మనిషి హామీ. వెబ్‌సైటులో లాగిన్ చేసేదీ సరిగ్గా అదే పని, కాకపోతే సిరా లేదు.

మొదట్లో వెబ్‌సైట్లు ఆ హామీ జోలికి పోలేదు. ప్రతి సైటులోనూ ఫొటోను విడిగా ఎక్కించాల్సి వచ్చేది. పది సైట్లుంటే పదిసార్లు. 2004లో టామ్ ప్రెస్టన్ వెర్నర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు ఆ విసుగుకు మందుగా గ్రావతార్ తయారుచేశాడు. పద్ధతి చాలా సులువు. ఈమెయిలు చిరునామాను ఎండీ5 అనే లెక్కలో వేస్తే 32 అక్షరాల వరస ఒకటి వచ్చేది. ఆ వరసను గ్రావతార్ చిరునామా చివర తగిలిస్తే 80 పిక్సెళ్ల బొమ్మ వచ్చి వాలేది. ఒక్కచోట ఫొటో మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. 2007లో వర్డ్‌ప్రెస్ వెనకున్న ఆటోమాటిక్ సంస్థ దాన్ని కొనుక్కుంది. మొదటిసారి ఒక సైటు మన ఫొటోను తన దగ్గర ఉంచుకోకుండానే చూపించింది. ఆ 32 అక్షరాలు మాత్రం పేజీ కోడులో ఎవరైనా చదవగలిగేలా ఉండిపోయాయి. ఈమెయిళ్లను ఊహించి, లెక్కలో వేసి, సరిచూసుకుంటే మనిషి దొరికిపోతాడు. 2020లో 16.7 కోట్ల మంది వివరాలను ఊడ్చుకుపోయారు, అందులో 11.4 కోట్ల వరసల వెనకున్న ఈమెయిళ్లు ఇలాగే బయటపడ్డాయి.

అదే 2004లో రెండు సోషల్ నెట్‌వర్కులు పుట్టాయి. జనవరిలో ఆర్కుట్, ఫిబ్రవరిలో ఫేస్‌బుక్. మన కుర్రకారు ముందు చేరింది ఆర్కుట్‌లో. అమీర్‌పేట ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని చూస్తే అబ్బాయిల ప్రొఫైళ్లన్నిటా అభిమాన హీరోలు, అమ్మాయిల ప్రొఫైళ్లలో గులాబీ, వెంకటేశ్వరస్వామి, ఎవరిదో పసిబిడ్డ, లేదంటే హీరోయిన్. నా ప్రొఫైల్లో చాలాకాలం సన్నజాజుల దండ ఉండేది. దాన్ని పిరికితనం అన్నవాళ్లున్నారు. నెగటివు అడిగి తెచ్చుకున్న తల్లుల కూతుళ్లం మేము. ఇక్కడ నెగటివు ఎవరూ చేతికివ్వరని తెలిసి ప్రింటే ఇవ్వకుండా ఆగాం. ఇందులో పిరికితనం ఎక్కడుంది? ఫేస్‌బుక్‌లో మాత్రం మొదటి నుంచీ ముఖమే ముఖ్యం. హార్వర్డ్‌లో కొత్త విద్యార్థులను పరిచయం చేసే అచ్చు పుస్తకాల పేరే దానికి పెట్టారు. 2005 అక్టోబరులో ఆల్బములు వచ్చేదాకా అక్కడ మనిషికి ఒకే ఫొటో.

ఇక నా వృత్తిలోకి ఆ ఫొటో వచ్చింది 2008 డిసెంబరులో. ఫేస్‌బుక్ కనెక్ట్ అనే ఏర్పాటును అప్పుడు అన్ని వెబ్‌సైట్లకూ తెరిచారు. వాళ్ల దగ్గర ఖాతా ఉన్నవాళ్లు ఇంకే సైటులోకైనా ఆ ఖాతాతోనే వెళ్లవచ్చు. సైటు కట్టేవాళ్లకు ఎఫ్‌బీ ప్రొఫైల్ పిక్ అనే ట్యాగు ఒకటిచ్చారు. ఎవరి ఫొటో అన్న చోట లాగ్డ్ఇన్‌యూజర్ అని రాసి ఊరుకుంటే చాలు, పేజీ ఎవరు తెరిస్తే వాళ్ల ముఖం అక్కడ పడుతుంది. 50 పిక్సెళ్ల చదరం, కావాలంటే ఒక మూల చిన్న ఫేస్‌బుక్ గుర్తు. అంతకు ముందు రోజులు పట్టిన పని ఒక్క వరసతో అయిపోయింది. మొదటిసారి అది పనిచేసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని తక్కువ చేసి చెప్పలేను. ముఖం లేని పేజీ మీద ఒక మనిషి ప్రత్యక్షమైనట్టుండేది.

ఆ ఒక్క వరస వెనక ఒక షరతు ఉండేది. ఫేస్‌బుక్ నుంచి తెచ్చుకున్న సమాచారాన్ని సైటువాళ్లు 24 గంటలకు మించి దాచుకోకూడదు. ఫొటో అయినా అంతే. చూపించు, మరిచిపో, కావాలంటే మళ్లీ అడుగు. చాలామంది ప్రోగ్రామర్లు దాన్ని తిట్టుకున్నారు. నాకైతే ఆ కథ మొత్తంలో అంత మర్యాదైన నిబంధన ఇంకోటి కనపడలేదు.

2009లో నేను పనిచేస్తున్న చిన్న కంపెనీ తెలుగు పుస్తకాలు అమ్మే సైటు కట్టింది. పుస్తకానికి నక్షత్రాలు వేసిన పాఠకుల ముఖాలు పుస్తకం పక్కనే కనపడేవి. అప్పటికి లోకమంతా చేస్తున్న పద్ధతే. ఒకరోజు పశ్చిమగోదావరి నుంచి ఒక టీచరుగారు ఫోను చేశారు.

"ఏమ్మా, నేను మీకు ఫొటో ఇవ్వలేదే, నా ముఖం మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యారు కదండీ. అక్కణ్నుంచి వస్తుంది. మా దగ్గర ఏమీ ఉండదండీ."

"అది సరేనమ్మా. పైన మూలన నాకు కనపడితే నాకేం అభ్యంతరం లేదు. ఆ పుస్తకం పక్కన ఇంకెవరెవరికి కనపడుతోంది?"

నేను రాసే కోడులో ఆ రెండు చోట్లకూ తేడా ఒక్క మాటే. మొదటిది మీ ముఖం మీకు చూపించడం, మీరు సరైన ఖాతాలో ఉన్నారన్న భరోసా. రెండోది మీ ముఖాన్ని ఊరందరికీ చూపించడం. ఆవిడ ఆ గీతను ఒక్క ప్రశ్నతో గీశారు. వారం తిరక్కముందే మా సైటులో చిన్న గడి ఒకటి చేర్చాం, పుస్తకం పక్కన నా ఫొటో చూపించవచ్చు అని. టిక్కు పెట్టేవరకూ అక్కడ పేరు మాత్రమే ఉంటుంది. ఆ గడి కోసం మా మేనేజరుతో నేను గట్టిగానే వాదించాల్సి వచ్చింది.

ఆ ఏడాదే డిసెంబరులో ఫేస్‌బుక్ సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచింది. పేరు, ప్రొఫైల్ ఫొటో, మరికొన్ని వివరాలు ఇకనుంచి అందరికీ తెరిచే ఉంటాయని, వాటిని దాచే వీలు లేదని ప్రకటించింది. ఇలాంటి మార్పుల మీదే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి, 2011లో ఆ కంపెనీని ఇరవై ఏళ్ల పాటు స్వతంత్ర తనిఖీలకు ఒప్పించింది. 2010 ఏప్రిల్‌లో ఆ 24 గంటల షరతునూ ఎత్తేశారు. అప్పుడే గ్రాఫ్ ఎపిఐ వచ్చింది. ట్యాగు కూడా అక్కర్లేకుండా పోయింది. ఫేస్‌బుక్ గ్రాఫ్ చిరునామా, ఒక గీత, మనిషి నంబరు, ఇంకో గీత, పిక్చర్ అన్న మాట. బ్రౌజరులో ఇది కొడితే ఆ మనిషి ఫొటో వచ్చేది. లాగిన్ అవసరం ఉండేది కాదు, అనుమతి అవసరం ఉండేది కాదు. మా మామయ్య రసీదు మీద వేసిన నంబరు లాంటిదే ఇదీ, కానీ నంబరు ఎవరు చెప్పినా కాపీ ఇచ్చేసే స్టూడియో.

ఫొటోను తెచ్చి దాచుకోవడమా, చిరునామా మాత్రం పెట్టుకోవడమా అన్నది అప్పటి నుంచి ప్రతి సైటువాడూ తేల్చుకోవాల్సిన సంగతి అయింది. దాచుకుంటే పేజీ త్వరగా తెరుచుకుంటుంది, కానీ ఫొటోలో ఉన్నామె ఫేస్‌బుక్‌లో దాన్ని తీసేసినా ఇక్కడ పాత ముఖం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చిరునామా పెట్టుకుంటే ఆమె అక్కడ మార్చింది ఇక్కడా మారుతుంది. 2015 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాల తీర్పిచ్చినప్పుడు 2.6 కోట్ల మంది తమ ఫొటోలకు ఇంద్రధనుస్సు రంగులు పూసుకున్నారు. సెప్టెంబరులో ప్రధాని మోదీ కాలిఫోర్నియాలో ఫేస్‌బుక్ కార్యాలయానికి వెళ్లినప్పుడు మనవాళ్లు మూడు రంగులు పూసుకున్నారు. ఆ వారాల్లో మేం ఏమీ చేయకుండానే మా సైటు మూలల్లోనూ ఆ రంగులు వచ్చాయి. నేను ఎప్పుడూ రెండో పద్ధతి వైపే. మార్చే హక్కు ఆమె చేతిలో ఉండాలంటే మన దగ్గర నకలు ఉండకూడదు.

ఫేస్‌బుక్ గేట్లు మూయడం నెమ్మదిగా మొదలైంది. 2014లో ప్రతి సైటుకూ మనిషి నంబరు వేరుగా కనపడేలా మార్చారు, రెండు సైట్లు నంబర్లు కలిపి చూసుకుని ఆ మనిషిని పట్టుకోలేకుండా. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా బాగోతం బయటపడింది, ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు ఆ కంపెనీ చేతికి వెళ్లాయని. మన దేశంలో ఆ క్విజ్ యాప్‌ను పెట్టుకున్నది 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా ప్రభావం పడి ఉండవచ్చని ఫేస్‌బుక్ చెప్పినవాళ్లు 5.62 లక్షల మంది. చివరికి నంబరు చెబితే ఫొటో ఇచ్చే ఆ చిరునామాకు తాళం పడింది 2020 అక్టోబరులో. టోకెన్ అనే అనుమతి చీటీ లేకుండా ఇక ముఖం రాదు. పదేళ్లకు పైగా తెరిచి ఉంచిన తలుపు అది. పాత సైట్లెన్నిటిలోనో ఫొటోలుండే చోట ఖాళీ గళ్లు వెలిశాయి. వాటిని బాగుచేసే పని కొన్నాళ్ల పాటు మాకు తిండిపెట్టింది.

ఈ మొత్తం వరసలో నాకు అన్నిటికంటే విలువైన తేదీ 2017 జూన్ 21. ఆరోజు ఫేస్‌బుక్ ప్రొఫైల్ పిక్చర్ గార్డ్ అనే సదుపాయాన్ని విడుదల చేసింది, మొదట మన దేశంలోనే. సెంటర్ ఫర్ సోషల్ రీసెర్చ్, బ్రేక్‌త్రూ, లెర్నింగ్ లింక్స్ ఫౌండేషన్, యూత్ కీ ఆవాజ్ వంటి సంస్థలతో మాట్లాడాక వాళ్లకు తెలిసిందేమిటంటే, భారతదేశంలో చాలామంది ఆడవాళ్లు తమ ముఖం ఎక్కడా కనపడకుండా చూసుకుంటున్నారని, ఫొటోను ఎవరేం చేస్తారోనన్న భయమే దానికి కారణమని. గులాబీలు, పసిపిల్లలు, దేవుళ్లు ఎందుకున్నాయో అంతదూరాన ఉన్న కంపెనీకి పదమూడేళ్ల తర్వాత అర్థమైంది. గార్డు పెట్టుకుంటే ఫొటో చుట్టూ నీలి అంచు, కింద చిన్న డాలు. డౌన్‌లోడు కుదరదు, స్నేహితులు కానివాళ్లు ట్యాగు చేయలేరు, ఆండ్రాయిడ్ ఫోన్లలో వీలైనంతవరకు స్క్రీన్‌షాటునూ ఆపుతుంది. బాంధనీ, కాంథా పనితనాలను పోలిన డిజైన్లను ఫొటో మీద పరుచుకునే వీలూ ఇచ్చారు. అలా డిజైను పరిచిన ఫొటోను కాపీ కొట్టే అవకాశం 75 శాతం తగ్గిందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. ఆ ఏడాదే మా పిన్ని కూతురు మొదటిసారి తన ముఖం పెట్టుకుంది, నీలి అంచుతో. ఆ డాలు అన్నిటినీ ఆపదు, ఇంకో ఫోనుతో తెరను ఫొటో తీస్తే అడ్డేమీ లేదు. అయినా ఇవ్వనన్న మాటకు తెర మీద ఒక గుర్తంటూ దొరికింది.

2019లో ఆపిల్ తన లాగిన్‌ను ప్రకటించింది. అది సైటుకు ఇచ్చేది పేరు, ఈమెయిలు, అంతే. ఈమెయిలును కూడా దాచుకోవచ్చు. ఫొటో అసలే ఇవ్వదు. గూగుల్ ఫొటో ఇస్తుంది, పెట్టుకోనివాళ్లకు పేరులోని మొదటి అక్షరాన్ని రంగు గుండ్రంలో వేసి ఇస్తుంది. ఇప్పుడు నేను కట్టే సైట్లన్నిటిలో మొదట కనపడేది అలాంటి అక్షరమే. ముఖం లేకపోవడాన్ని లోటుగా చూపే బూడిదరంగు బొమ్మలు నాకు నచ్చవు. అక్షరం నిండుగా ఉంటుంది.

కానీ తెలుగు పేర్లకు ఆ అక్షరం తీయడం ఇంగ్లీషు పేర్లకు తీసినంత తేలిక కాదు. కంప్యూటరుకు శ్రీలక్ష్మి అన్న పేరులో మొదటి అక్షరం చెప్పమంటే శ అంటుంది. కృష్ణవేణికి క, సౌజన్యకు స. దాని లెక్కలో శ్రీ అంటే నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఒక మనిషి నెత్తినా కాళ్ల దగ్గరా ఉన్నవన్నీ తీసేసి మొండెం చూపించినట్టుంటుంది. యూనికోడ్ నియమాల ప్రకారం విడగొట్టినా చాలాకాలం శ్ ఒకచోట, రీ ఒకచోట పడేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకు ఈ ముడి విప్పారు. హల్లు కింద వత్తు ఉంటే రెండూ కలిపి ఒకే అక్షరమన్న నియమం చేరింది. ఇంటిపేరు సంగతి ఇంకా మిగిలింది. మనం దాన్ని ముందు రాస్తాం, చాలా ప్రోగ్రాములు ముందున్నదే పిలుపు పేరనుకుంటాయి. అందుకని మేం పేరు అడిగే చోట రెండు గళ్లు పెట్టి, ఏది ఇంటిపేరో, ఏది పిలుపు పేరో వాళ్లనే రాయమంటున్నాం. 40 పిక్సెళ్ల గుండ్రంలో పైన గుడి, కింద వత్తు రెండూ తెగకుండా పట్టాలంటే అక్షరం సైజును ఇంగ్లీషు అక్షరానికి పెట్టేదానికంటే తగ్గించి, కాస్త పైకి జరపాలి. ఫొటో కావాలనుకున్నవాళ్లు ఆ అక్షరం మీద నొక్కి తామే పెట్టుకుంటారు, అది తమకే కనపడాలా అందరికీ కనపడాలా అన్నది కూడా అక్కడే ఎంచుకుంటారు.